గృహాలంకరణలో పునరావృతి: ఒకే రూపం, అనేక వస్తువులు

6.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తర్వాత మీరు గృహాలంకరణలో పునరావృతి అంటే ఏమిటో వివరించగలుగుతారు. ఒకే రకమైన వస్తువులను గోడ మీద, అరలో, గుమ్మం దగ్గర అమర్చేటప్పుడు వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో లెక్క కట్టగలుగుతారు. చేత్తో అద్దిన గుడ్డలోని పునరావృతికీ, యంత్రం మీద తయారైన గుడ్డలోని పునరావృతికీ ఉన్న తేడాను గుర్తించగలుగుతారు. ఒక గదిలో దీన్ని ఎక్కడ వాడాలో, ఎక్కడ ఆపాలో మీ అంతట మీరు నిర్ణయించుకోగలుగుతారు.

6.1 పరిచయం

విజయవాడ నుంచి ఏలూరు వెళ్ళే జాతీయ రహదారి మీద హనుమాన్ జంక్షన్‌లో దిగి, నూజివీడు వైపు వెళ్ళే బస్సు ఎక్కారనుకోండి. కొంత దూరం వెళ్ళాక మామిడి తోటలు మొదలవుతాయి. మామిడిని చదరపు పద్ధతిలో 10 మీటర్ల ఎడంతో నాటితే హెక్టారుకు 100 చెట్లు వస్తాయి. అలా నాటిన తోటను కదిలే బస్సులోంచి చూస్తే ఒక చిత్రమైన విషయం కనిపిస్తుంది. ఒక్కోసారి చెట్లన్నీ గుంపుగా కలిసిపోయి ఉంటాయి. మరుక్షణంలో వాటి మధ్య పొడవైన దారి తెరుచుకుంటుంది. అది మూసుకుపోయి, ఏటవాలుగా మరో దారి తెరుచుకుంటుంది. ఏ రెండు చెట్లూ ఒకేలా ఉండవు. ఒకటి వంకరగా, ఒకటి గుబురుగా ఉంటుంది. అయినా తోట మొత్తం ఒక క్రమంలో ఉన్నట్టు మన కంటికి తెలుస్తూనే ఉంటుంది. ఆ క్రమాన్ని ఇచ్చేది చెట్ల పోలిక ఒక్కటే కాదు, వాటి మధ్య ఉన్న సమానమైన ఎడం కూడా.

అదే తోటలోని ఆకులు పండుగనాడు గుమ్మానికి తోరణమవుతాయి. మూడడుగుల గుమ్మానికి పురికొస మీద మూడేసి అంగుళాల ఎడంతో ఆకులు గుచ్చాలంటే ఎన్ని ఆకులు కావాలి? 36ను 3తో భాగించి 12 అని చెప్పేవారు ఎక్కువ. కానీ 12 అనేది ఎడాల సంఖ్య. రెండు చివర్లా ఆకు ఉండాలంటే 13 కావాలి. అప్పుడు ఏడో ఆకు సరిగ్గా గుమ్మం నడిమికి వస్తుంది. ఈ చిన్న లెక్క ఈ భాగంలో మళ్ళీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ఒక రూపాన్నో, రంగునో, గీతనో, వస్తువునో ఒకటి కంటే ఎక్కువసార్లు, ఒక పద్ధతి ప్రకారం వాడటాన్ని పునరావృతి అంటారు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఆ రూపాన్ని మూలాంశం అందాం. వట్టి మామిడాకుల తోరణం సాదా పునరావృతి. ఆకు, బంతిపువ్వు, ఆకు, బంతిపువ్వు అని గుచ్చితే అది ఏకాంతర క్రమం. వంటింటి అరలో పెద్దది నుంచి చిన్నదాకా వరుసగా పెట్టిన స్టీలు డబ్బాలు క్రమవృద్ధికి ఉదాహరణ. మధ్యలో గొబ్బెమ్మను పెట్టి చుట్టూ రేకులు విచ్చుకున్నట్టు ముగ్గు వేస్తే అది కేంద్ర విస్తరణ. గత భాగంలో లయ అనే సూత్రం కింద వీటి పేర్లు చదివారు. పేర్లు కొత్తవి కావచ్చు కానీ పనులన్నీ మీ ఇంట్లో ఏళ్ళ తరబడి జరుగుతున్నవే.

6.2 కన్ను వస్తువులను ఎలా కలుపుతుంది?

జర్మన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త మాక్స్ వెర్థైమర్ 1923లో ప్రచురించిన ఒక వ్యాసంలో, విడివిడిగా ఉన్న చుక్కలను మన చూపు ఏ నియమాల ప్రకారం గుంపులుగా కలుపుకుంటుందో చర్చించాడు. వాటిలో రెండు నియమాలు మనకు అవసరం. దగ్గరగా ఉన్నవాటిని కన్ను ఒక గుంపుగా చూస్తుంది. ఒకే పోలికలో ఉన్నవాటిని కూడా ఒక గుంపుగా చూస్తుంది. మొదటిది సామీప్య నియమం, రెండోది సాదృశ్య నియమం.

దీన్ని మీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒకే రకం స్టీలు గ్లాసులు ఐదు తీసుకుని బల్ల మీద అరచేతి వెడల్పు ఎడంతో పెట్టండి. ఐదు గ్లాసులు కనిపిస్తాయి. ఇప్పుడు ఎడాన్ని రెండు వేళ్ళకు తగ్గించండి. ఐదు గ్లాసులకు బదులు ఒక వరుస కనిపిస్తుంది. కొత్త వస్తువు ఒక్కటీ చేర్చకుండానే, విడి వస్తువులుగా ఉన్నవి ఒక అమరికగా మారాయి. ఆచరణలో ఒక కొండగుర్తు ఉంది: రెండు వస్తువుల మధ్య ఎడం ఆ వస్తువు వెడల్పు కంటే తక్కువగా ఉంటే అవి కలిసి కనిపిస్తాయి. అంతకు మించితే చెదిరిపోతాయి. చాలా ఇళ్ళలో పెళ్ళి ఫొటో ఒక గోడకు, కేలండర్ ఒక మూలకు, దేవుడి పటం ఇంకోచోట, పిల్లల బహుమతులు టీవీ మీద ఉంటాయి. వస్తువులకు లోటు లేదు. అవి ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు, అంతే.

పునరావృతి తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఎందుకు ఉపయోగపడుతుందో ఇక్కడే తెలుస్తుంది. గది మొత్తాన్ని నిలబెట్టగల ఒక గొప్ప వస్తువును కొనడం ఖర్చుతో కూడిన పని. చవకైన మట్టి ప్రమిదలు తొమ్మిది కొని, ఒక అర మీద సమానమైన ఎడంతో పెడితే ఆ అర మీద చూపు నిలుస్తుంది. అద్దె ఇంట్లో ఉండేవారికి ఇంకో లాభం: ఇల్లు మారేటప్పుడు ఆ తొమ్మిదీ ఒక అట్టపెట్టెలో సర్దుకుపోతాయి.

6.3 ముగ్గు నేర్పే పాఠం

పునరావృతిని శాస్త్రంగా నేర్చుకోవాలంటే వాకిట్లో చుక్కల ముగ్గు కంటే మంచి పుస్తకం లేదు. ముగ్గు వేసేవారు గీత గీయకముందే ఎడాన్ని నిర్ణయిస్తారు. చుక్క పెట్టడమంటే అదే.

"7 చుక్కలు, 7 వరుసలు" అంటే చుక్క కింద చుక్క తిన్నగా వస్తుంది. మొత్తం 49 చుక్కలు. "7 చుక్కలు, 4 వచ్చేవరకు సందు చుక్క" అంటే నడిమి వరుసలో 7 పెట్టి, పైనా కిందా రెండు చుక్కల సందులో ఒకటి చొప్పున 6, 5, 4 పెడతారు. మొత్తం 37 చుక్కలు. చుక్కల సంఖ్యలో తేడా పెద్ద విషయం కాదు. తిన్నగా పెట్టినప్పుడు లోపలి ప్రతి చుక్కకూ దగ్గరి పొరుగు చుక్కలు నాలుగు. అందుకే ఆ ముగ్గుల్లో చదరాలు, నాలుగు రేకుల పువ్వులు తేలిగ్గా వస్తాయి. సందు చుక్కలో లోపలి చుక్కకు దగ్గరి పొరుగులు ఆరు. అందుకే ఆరు రేకుల పువ్వులు, నక్షత్రాలు వాటంతట అవే వచ్చినట్టు వస్తాయి. పువ్వు గీసే చేతి కంటే ముందే, ఎడం ఆ పువ్వు ఆకారాన్ని సగం నిర్ణయించేసింది.

ఈ రెండు పద్ధతులను గోడ మీదికి తీసుకురావచ్చు. ఆరు పటాలను మూడు మూడుగా రెండు తిన్నని వరుసల్లో పెడితే గోడ గంభీరంగా, కార్యాలయంలాగా కనిపిస్తుంది. పై వరుసలో మూడు, కింద వాటి సందుల్లో రెండు పెడితే అదే గోడకు కొంత చలనం వస్తుంది. ఏది మంచిదన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేదు. గదిలో ఇప్పటికే బల్లలు, బీరువాలు, కిటికీ ఊచలు అన్నీ నిలువు అడ్డ గీతలే అయితే సందు చుక్క పద్ధతి నప్పుతుందని నా అభిప్రాయం.

ముగ్గు నేర్పే మరో విషయం ఉంది. మెలికల ముగ్గులో ఒక మూలాన వచ్చిన మెలికే నాలుగు మూలలా వస్తుంది. వేసేవారు ఒక మూల మాత్రమే గుర్తుంచుకుంటారు, మిగిలిన మూడూ చేతికి వస్తాయి. చూసేవారికీ అంతే. ఒక మూలను అర్థం చేసుకున్న కన్ను మిగిలినవాటిని ముందే ఊహించి, ఊహించింది నిజమైనప్పుడు సంతోషిస్తుంది. గదిలోకి అడుగుపెట్టినవారికి మనసు కుదుటపడినట్టు అనిపించడానికి ఒక కారణం ఇదే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

"9 చుక్కలు, 5 వచ్చేవరకు సందు చుక్క" ముగ్గులో మొత్తం ఎన్ని చుక్కలు ఉంటాయి? వరుసల సంఖ్య ఎంత? కాగితం మీద చుక్కలు పెట్టి మీ జవాబును సరిచూసుకోండి.

6.4 అచ్చు వేసిన గుడ్డ: పెడన

హనుమాన్ జంక్షన్ నుంచి ఈసారి నూజివీడు వైపు కాకుండా గుడివాడ మీదుగా మచిలీపట్నం వైపు వెళితే పెడన వస్తుంది. పేరు కలంకారీ అయినా ఇక్కడి పని ప్రధానంగా కలంతో జరగదు, అచ్చులతో జరుగుతుంది. కలంతో గీసే పద్ధతి శ్రీకాళహస్తిది. పెడనలో టేకు చెక్క మీద పువ్వునో, తీగనో, మామిడి పిందెనో చెక్కి, ఆ అచ్చును రంగులో ముంచి గుడ్డ మీద ఒత్తుతారు. గీతకు ఒక అచ్చు, లోపల నింపే రంగుకు మరో అచ్చు ఉంటాయి. గుడ్డను ముందు కరక్కాయ నీటిలో తడిపి ఆరబెడతారు. బెల్లం, ఇనుప తుక్కు నీటిలో పులియబెట్టి నలుపు తయారుచేస్తారు. ఎర్రగా రావలసిన చోట పటిక ద్రావణం అద్ది, తర్వాత రంగునీటిలో గుడ్డను ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది. మధ్యమధ్యలో ఉతకడానికి పారే నీరు కావాలి. డెల్టా కాలువలకూ ఈ వృత్తికీ ఉన్న బంధం అది.

ఈ తీరంలోని అద్దకపు గుడ్డలు ఒకప్పుడు సముద్రాలు దాటి వెళ్ళాయి. గోల్కొండ రాజ్యానికి ఓడరేవైన మచిలీపట్నానికి ఇంగ్లీషు వర్తకులు 1611లో వచ్చారు. ఐరోపాలో భారతీయ అద్దకపు గుడ్డలు దుస్తులుగానే కాక పరుపుల మీద, తెరలుగా, గోడలకు కూడా చేరాయి. లండన్‌లో శామ్యూల్ పెపిస్ అనే ఉద్యోగి తన భార్య చదువుకునే గది గోడలకు భారతదేశపు అద్దకపు గుడ్డ కొన్నట్టు 1663లో తన డైరీలో రాసుకున్నాడు. గిరాకీ ఎంత పెరిగిందంటే అక్కడి నేతగాళ్ళకు తమ బతుకుతెరువు పోతుందన్న భయం పట్టుకుంది. ఫ్రాన్స్ 1686లో వీటిని నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒకసారి, 1721లో మరింత కఠినంగా చట్టాలు చేసింది. ఒక చిన్న పువ్వును మళ్ళీ మళ్ళీ ఒత్తిన గుడ్డ కోసం పార్లమెంటులు చట్టాలు చేయవలసి వచ్చిందంటే, ఆ పునరావృతికి ఇంట్లో ఉన్న ఆకర్షణ ఎంతటిదో ఊహించుకోండి.

ఇప్పుడు మన దుకాణాలకు వద్దాం. కలంకారీ డిజైను అని చెప్పి అమ్మే గుడ్డల్లో స్క్రీన్ మీద అచ్చు వేసినవీ, యంత్రాల మీద తయారైనవీ చాలా ఉన్నాయి. వాటి ధర తక్కువ, అందులో మోసమేమీ లేదు, అవి ఏమిటో చెప్పి అమ్మినంతవరకు. కానీ చెక్క అచ్చు ధర చెల్లించి స్క్రీన్ గుడ్డ ఇంటికి తెచ్చుకుంటే నష్టం మీకే కాదు, అచ్చు చెక్కినవారికి, ఒత్తినవారికి కూడా. అందుకని తేడా ఎలా పట్టుకోవాలో తెలుసుకోవడం అవసరం.

గుడ్డను వెలుతురులో పరిచి, ఒకే పువ్వును వరుసగా పది చోట్ల చూడండి. చేత్తో ఒత్తినదైతే ఒకచోట రంగు కాస్త నిండుగా, మరోచోట కాస్త పల్చగా ఉంటుంది. అచ్చుకూ అచ్చుకూ మధ్య అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా, అక్కడక్కడ నింపుడు రంగు గీతను దాటడం కనిపిస్తాయి. సహజ రంగులు సాధారణంగా గుడ్డ వెనక్కి కూడా దిగుతాయి. పది పువ్వులూ అణువంత తేడా లేకుండా ఉండి, వెనకవైపు తెల్లగా ఉంటే అనుమానించవలసిందే. దుకాణదారును అడగడానికి మొహమాటపడకండి.

ఆ వెంట్రుకవాసి తేడాలను లోపాలుగా చూడటం మనకు అలవాటైంది. గది అలంకరణ దృష్టితో చూస్తే అవి లోపాలు కావు. మామిడి తోటలో ఏ రెండు చెట్లూ ఒకేలా లేకపోయినా తోట అందంగా ఉన్నట్టే, ఎడం స్థిరంగా ఉండి రూపంలో చిన్న తేడాలున్న గుడ్డను రోజూ చూసినా కన్ను అలసిపోదు. పూర్తిగా ఒకేలా ఉన్నదాన్ని కన్ను ఒక్క చూపులో చదివేసి వదిలేస్తుంది.

అచ్చు గుడ్డతో తెరలు కుట్టించేటప్పుడు ఒక లెక్క తప్పనిసరి. మూలాంశం 12 అంగుళాలకు ఒకసారి తిరిగి వస్తుందనుకుందాం. మీ తెర పొడవు మడతలతో కలిపి 90 అంగుళాలు. రెండు తెరలకు 180 అంగుళాలు కొంటే, మొదటి తెర పైభాగంలో పువ్వు మొదలైతే రెండోదానిలో సగం పువ్వు మొదలవుతుంది. రెండు తెరల్లో పువ్వులు ఒకే ఎత్తులో రావాలంటే ఒక్కో తెరకు పూర్తి మూలాంశాలు ఎనిమిది, అంటే 96 అంగుళాలు తీసుకోవాలి. మొత్తం 192 అంగుళాలు, దాదాపు 4.9 మీటర్లు. అదనంగా కొన్నది 30 సెంటీమీటర్లు. ఈ ముక్క కోసం కక్కుర్తి పడి తెరలు పాడుచేసుకున్నవారిని చూశాను. మిగిలిన గుడ్డ దిండు గలేబుకు అంచుగా వేయించుకుంటే తెరలోని పువ్వే మంచం మీదా కనిపిస్తుంది. అదీ పునరావృతే.

6.5 మారేదేమిటి, మారనిదేమిటి

పెడనలో తేడా చేతిపనిలోంచి తనంత తానుగా వచ్చింది. తేడాను కావాలని తెచ్చే పద్ధతి కొండపల్లి బొమ్మల్లో చూడవచ్చు. విజయవాడకు అవతల ఉన్న కొండపల్లిలో తెల్లపొణికి అనే తేలికపాటి కర్రతో బొమ్మలు చేస్తారు. భాగాలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, సున్నం పూసి రంగులు వేస్తారు. అక్కడి దశావతారాల వరుసను ఒకసారి పరిశీలించండి. పది బొమ్మలకూ దాదాపు ఒకే ఎత్తు, ఒకే రకం పీట, ఒకే ధోరణిలో రంగులు ఉంటాయి. మారేది ఆకారం, చేతిలోని ఆయుధం, తల. మత్స్యం నుంచి కల్కి దాకా కథ మారుతున్నా వరుస చెదరదు. మారనివి ఎక్కువ, మారేవి తక్కువ. ఈ పాళ్ళు తిరగబడితే అది వరుస కాదు, సంత.

సంక్రాంతికో దసరాకో పెట్టే బొమ్మల కొలువులో ఈ సూత్రమే మరో రూపంలో పనిచేస్తుంది. అక్కడ బొమ్మలన్నీ వేర్వేరు: తాతల నాటి మట్టిబొమ్మ, తిరునాళ్ళలో కొన్న ప్లాస్టిక్ బాతు, కొండపల్లి ఏనుగు అంబారీ. వాటిని కలిపేవి మెట్లు. మూడు, ఐదు, ఏడు అని బేసి సంఖ్యలో కట్టి, పైన తెల్లని గుడ్డ పరిచిన మెట్లు. వస్తువులు మారినప్పుడు వేదిక మారకూడదు. మీ పుస్తకాల అరలో రకరకాల జ్ఞాపికలు ఉన్నాయా? అన్నింటి కిందా ఒకే రంగు గుడ్డముక్క వేసి చూడండి.

ఇది చాలా పాత తెలివి. క్రీస్తుశకం తొలి శతాబ్దాల్లో అమరావతి స్తూపం చుట్టూ ఉన్న రాతి ప్రాకారం పైవరుసలో ఒక పొడవైన పూలదండను చెక్కారు. మనుషులు మోస్తున్న ఆ దండ అలలాగా లేస్తూ దిగుతూ రాయి నుంచి రాయికి సాగిపోతుంది. అల ఒకటే, కానీ దిగిన చోటల్లా పైన ఉన్న ఖాళీలో వేర్వేరు శిల్పాలు ఉంటాయి. ఆ రాళ్ళలో కొన్ని ఇప్పుడు చెన్నై మ్యూజియంలో, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. చెన్నై వెళ్ళినప్పుడు ఎగ్మూరులో దిగి చూడండి.

6.6 గోడ మీద ఐదు పటాలు

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. గోడ పొడవు 10 అడుగులు, అంటే 120 అంగుళాలు. గోడకు సరిగ్గా మధ్యలో ఆరడుగుల దివాను ఉంది. దాని పైన ఒకే కొలతగల ఐదు పటాలు తగిలించాలి. ఒక్కొక్కటి 8 అంగుళాల వెడల్పు.

పటాల వరుస కింద ఉన్న దివాను కంటే పొడవుగా ఉండకూడదు. దివాను పొడవులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల దాకా ఉంటే నప్పుతుంది. 72 అంగుళాలకు అది 48 నుంచి 54. ఎడం రెండున్నర అంగుళాలు తీసుకుంటే, ఐదు పటాలకు 40, నాలుగు ఎడాలకు 10, మొత్తం 50 అంగుళాలు. హద్దులోనే ఉంది. తోరణం లెక్క గుర్తుందా? ఐదు పటాల మధ్య ఎడాలు నాలుగే.

మేకులు కొట్టడం నడిమి నుంచి మొదలుపెట్టండి. మధ్య పటం మేకు 60 అంగుళాల దగ్గర. ఒక పటం మధ్య నుంచి పక్క పటం మధ్యకు 8కి రెండున్నర కలిపి 10.5 అంగుళాలు. కాబట్టి ఎడమవైపు మేకులు 49.5, 39 దగ్గర, కుడివైపు 70.5, 81 దగ్గర వస్తాయి. వరుసకు రెండు పక్కలా 35 అంగుళాల గోడ ఖాళీగా మిగులుతుంది. మొదటిసారి నేను ఈ పని చేసినప్పుడు గోడ చివర నుంచి కొలుస్తూ వచ్చాను. ప్రతి మేకు దగ్గరా పావు అంగుళం చొప్పున తప్పు పేరుకుని, ఐదో పటం కిటికీ చట్రానికి ఆనుకుంది. ఆ రంధ్రాలు పూడ్చడానికి ఇంటివారికి తెలియకుండా తెల్లసిమెంటు తేవలసి వచ్చింది. మీరు ముందుగా పాత పేపర్లను పటాల కొలతకు కత్తిరించి గోడకు అంటించి, ఒక రోజంతా చూసుకుని, ఆ తర్వాత సుత్తి పట్టుకోండి.

ఐదు ఎందుకు, నాలుగు ఎందుకు కాదు? బేసి సంఖ్యలో నడిమి వస్తువు ఒకటి ఉంటుంది, చూపు అక్కడ ఆగుతుంది. సరి సంఖ్యలో నడిమిన ఉండేది ఖాళీ. గుమ్మానికి చెరోవైపు రెండు తులసి కుండీలు పెట్టినప్పుడు ఆ ఖాళీయే మనకు కావాలి, ఎందుకంటే అందులోంచి మనుషులు నడవాలి. దివాను మీద గోడకు ఆ అవసరం లేదు.

6.7 ఎక్కడ ఆపాలి

తెరలు, దుప్పటి, సోఫా గలేబులు, బల్ల మీద గుడ్డ అన్నీ ఒకే పువ్వుతో కుట్టించిన గదిలో కాసేపు కూర్చోండి. ఊపిరాడనట్టు ఉంటుంది. ఒక మూలాంశం గదిలో రెండు మూడు చోట్ల కనిపిస్తే చాలు. వాటి మధ్య సాదా గోడో, సాదా గుడ్డో ఉండాలి. చిన్న గదిలో పెద్ద పువ్వుల పునరావృతి గోడలను దగ్గరికి లాక్కొచ్చినట్టు చేస్తుంది. అలాంటిచోట చిన్న మూలాంశం వాడండి.

అలంకరణ పుస్తకాలు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది: వస్తువులు పెరిగితే చాకిరీ కూడా అన్ని రెట్లు పెరుగుతుంది. ఒక ఇత్తడి చెంబును చింతపండుతో తోమడానికి ఐదు నిమిషాలు పడితే తొమ్మిది చెంబుల వరుసకు ముప్పావు గంట. డెల్టాలోని తేమకు ఇత్తడి త్వరగా నల్లబడుతుంది. జాతీయ రహదారి పక్కనున్న ఇంట్లో దుమ్ము ఏ పూటకాపూట పేరుకుంటుంది. ఆ ముప్పావు గంట ఇంట్లో ఎవరి సమయంలోంచి పోతుందో ముందే అడగాలి. చాలా ఇళ్ళలో అలంకరించినవారు ఒకరు, తుడిచేవారు మరొకరు. రోజూ తుడవగలిగినన్ని వస్తువులే పెట్టండి, మిగిలినవి పెట్టెలో దాచి పండుగకు తీయండి. బొమ్మల కొలువు ఏడాదిలో కొద్ది రోజులే ఉండటంలోని సుళువు అర్థమవుతుంది.

నియోజిత కార్యం

మీ ఇంట్లో ఒక గోడను గానీ, ఒక అరను గానీ ఎంచుకోండి. కొత్తగా ఏమీ కొనకుండా, ఇంట్లో ఇప్పటికే ఒకే రకంవి మూడు లేదా ఐదు ఉన్న వస్తువులను వెతకండి. గోడ పొడవు, వస్తువు వెడల్పు, ఎడం, రెండు పక్కలా మిగిలే ఖాళీ అంగుళాల్లో లెక్క కట్టి ఒక చిత్తుపటం గీయండి. అమర్చిన తర్వాత ఒక వారం రోజులు ఉంచండి. ఎనిమిదో రోజున ఆ అమరికలో మీరు ఏమి మార్చారో, ఎందుకు మార్చారో, దాన్ని ఎవరు ఎన్నిసార్లు తుడిచారో ఒక పేజీకి మించకుండా రాసి, మీ అధ్యయన కేంద్రంలో జరిగే సంపర్క తరగతికి తీసుకురండి.